రికాబు లేని రోజులు

మా రోజుల్లో ముందు గుర్రం మీద కూచోవడం వచ్చాకే సామాను మీద చెయ్యి వెయ్యనిచ్చేవాళ్లు. ఇప్పుడంతా తలకిందులు. ముందు కంచు శిరస్త్రాణం వస్తుంది, పార్సిల్లో. దాని వెనకాలే తోలు కవచం, బొమ్మలద్దిన అమ్ములపొది, మోకాళ్లదాకా బూట్లు. అన్నీ తొడుక్కుని మేడ మీద నిలబడి ఫోటో దిగుతారు. గుర్రం సంగతి ఆ తర్వాత, సెలవు దొరికితే. రెండున్నర వేల ఏళ్ల కిందటి గ్రీకు రౌతులూ, గడ్డినేలల సిథియన్ రౌతులూ ఏం కట్టుకుని ఎలా స్వారీ చేసేవాళ్లో మళ్లీ చేసి చూడాలన్న పిచ్చి లోకంలో చాలామందికి ఉంది, ఈమధ్య మన కుర్రాళ్లకీ అంటుకుంది. పిచ్చి మంచిదే నాయనా. మొదలుపెట్టే చోటే తప్పు.

ఉద్యోగమంతా గుర్రాల మధ్య గడిపినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను. నాకు నేర్పిన ఉస్తాద్ మొదటి రోజునే పాదాలు పెట్టుకునే రికాబులు విప్పించి జీన్ల గదిలో కొక్కేనికి తగిలించేశాడు. మళ్లీ ఎప్పుడిస్తారని అడిగినవాడికి ఇంకో పది చుట్లు. గుర్రానికి పొడుగాటి తాడు కట్టి ఆయన మధ్యలో నిలబడేవాడు, మేం చేతులు కట్టుకుని గుండ్రంగా తిరగాలి. నడక, దుల్కీ, దౌడు. దుల్కీ అంటే నీకు తెలియదు, వెన్నెముకలో ఎన్ని పూసలున్నాయో ఒక్కొక్కటీ లెక్క చెప్పే నడక అది. తొడల లోపలి తోలు ఊడొచ్చేది. రాత్రి కొబ్బరినూనె రాసుకుని కాళ్లు ఎడంగా పెట్టుకుని పడుకునేవాళ్లం. పొద్దున్నే మళ్లీ అదే. ఇప్పటి స్వారీ క్లబ్బుల్లో అలా చేయిస్తే ఆ సాయంత్రమే తల్లిదండ్రులు వచ్చి ఫీజు వెనక్కి అడుగుతారు. కానీ ఆ చుట్లలోనే మాకు తెలిసొచ్చింది, మనిషిని గుర్రం మీద నిలిపేది తొడలేనని. కాలికింద ఆసరా ఉన్నన్నాళ్లూ ఆ సంగతి ఒంటికి ఎక్కదు.

గ్రీకులకీ రికాబు లేదు, సిథియన్లకీ లేదు. రెండు కాళ్లకీ సరైన రికాబులు చైనాలో కనబడేది క్రీస్తు తర్వాత నాలుగో శతాబ్దంలో. ఐరోపాకి చేరడానికి ఇంకా రెండు మూడు వందల ఏళ్లు పట్టింది. అంతకు ఎంతో ముందు మన సాంచీ శిల్పాల్లో బొటనవేలు దూర్చుకునే ఉచ్చు ఒకటి కనిపిస్తుంది. శాతవాహనుల కాలం నాటి పని అది, దక్షిణ ద్వారం మీద శాతకర్ణి పేరు కూడా ఉంది. ఆ ఉచ్చు బొమ్మ చూసినప్పుడల్లా చెడడం అక్కడే మొదలైందనిపిస్తుంది నాకు. మొదట బొటనవేలికి ఆసరా, తర్వాత పాదానికి, ఆ తర్వాత ఒళ్లంతటికీ. ఇవాళ ఎక్కడానికి మెట్లపీట, దిగడానికి ఇద్దరు మనుషులు, మధ్యలో కుర్చీలాంటి జీను.

కుర్చీ అన్నాను కదా, జెనొఫోన్ కూడా సరిగ్గా ఆ కూర్చోవడాన్నే వద్దన్నాడు. ఏథెన్సు మనిషి, క్రీ.పూ. 430 ప్రాంతంలో పుట్టాడు. కిరాయి సైన్యంతో పర్షియా సామ్రాజ్యం లోపలిదాకా వెళ్లి, యుద్ధాలు చేసుకుంటూ వెనక్కి వచ్చి, పెద్దవయసులో గుర్రపు స్వారీ మీద ఒక చిన్న పుస్తకం, అశ్వదళ నాయకుడి పనుల మీద ఇంకొకటి రాశాడు. వట్టి వీపు మీదైనా గుడ్డ పరిచిన వీపు మీదైనా కుర్చీలో కూచున్నట్టు కూచోవద్దంటాడు. కాళ్లు ఎడం చేసుకుని నిటారుగా నిలబడ్డట్టు ఉండాలట. పట్టు తొడలది. మోకాలి కిందనుంచి కాలు, పాదం వదులుగా వేలాడాలి. కింది కాలు బిర్రబిగిస్తే దేనికైనా తగిలినప్పుడు విరుగుతుంది, వదులుగా ఉంటే పక్కకి తప్పుకుంటుంది, తొడ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మా ఉస్తాద్ జెనొఫోన్ పేరు విని ఉండడు. చెప్పింది మాత్రం అదే, మధ్యలో తిట్లు కలిపి.

ఈటె విసరడం గురించి ఆయన రాసింది చేసి చూడు, తెలుస్తుంది. ఎడమ పక్క ముందుకి తోసి, కుడి పక్క వెనక్కి లాగి, తొడల మీద లేచి, ములికి కాస్త పైకి చూసేలా వదలాలి. తొడల మీద లేవడం అన్నచోట ఆగు. పాదం కింద గాలి తప్ప ఏమీ లేదు. కింద గుర్రం పరిగెడుతోంది. ఎడమచేతిలో పగ్గాలు, రెండో ఈటె. ఒక్క అంగుళం లేస్తే చాలు, నడుం బలమంతా ఈటెలోకి దిగుతుంది. లేవకపోతే చేతి బలమే, అది పది గజాలు పోయి పడుతుంది. ఆ అంగుళం ఎన్నాళ్లకి వస్తుందో నా దగ్గర నేర్చుకున్నవాళ్లని అడుగు. ఈటెకి కార్నెల్ కర్రే మంచిదని జెనొఫోన్ చెప్పాడు కాబట్టి ఆ కర్ర ఎక్కడ దొరుకుతుందని నాకు ఫోన్లు చేస్తారు. అంగుళం గురించి అడిగినవాడు ఒక్కడూ లేడు.

గుర్రం ఎక్కడమూ అంతే. ఒక చేత్తో జూలు, పగ్గాలు కలిపి పట్టుకోవాలి, నోరు గుంజకుండా. లేదా ఈటె ఊతం చేసుకుని ఎగరాలి. మోకాలు వీపుకి ఆనకూడదు, కాలు ఏకంగా అవతలి పక్కకి దాటాలి, అప్పుడు కిందికి కూచోవాలి. కుర్రవాళ్లు ఎగిరి ఎక్కడం నేర్చుకోవాలనీ, పెద్దవాళ్లని పర్షియన్ల పద్ధతిలో ఇంకొకడు కాలు పట్టి ఎక్కించాలనీ చెప్పాడు. చూశావా, పెద్దవాళ్లకి వెసులుబాటు పెట్టాడు. నేను ఇప్పుడు పర్షియన్ పద్ధతిలోనే ఎక్కుతాను. పాతికేళ్లవాడికి మెట్లపీట ఎందుకో మాత్రం నాకు అర్థం కాదు.

జెనొఫోన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకొకటుంది. పుస్తకం మొదట్లోనే, తనకన్నా ముందు సైమన్ అనే ఆయన ఇదే విషయం మీద రాశాడనీ, ఏథెన్సులో కంచు గుర్రం నిలబెట్టింది ఆయనేననీ చెప్పి, మా ఇద్దరి మాటా కలిసినచోట నా మాట కొట్టెయ్యను, ఇంకా సంతోషంగా చెప్తానంటాడు. మర్యాద అంటే అదీ. ఇవాళ పక్కవాడు ఏడాది కష్టపడి కుట్టిన జీను చూసి కొలతలు తీసుకుని తన పేరు పెట్టుకుంటున్నారు.

ఇంత గుర్రపు మనిషి కూడా క్రీ.పూ. 401లో, పర్షియా నుంచి వెనక్కి వచ్చేటప్పుడు, శత్రువుకి అశ్వదళం ఉంది మనకి లేదని కాలిబంట్లు బెంబేలెత్తినప్పుడు, గుర్రం కరిచో తన్నో యుద్ధంలో చచ్చినవాడు ఎవడూ లేడని ధైర్యం చెప్పాడు. గుర్రం మీద వేలాడేవాడికి మనమంటే ఎంత భయమో, పడిపోతానేమోనని కూడా అంత భయమన్నాడు. ఆ వెంటనే సామాను మోస్తున్న గుర్రాలని ఏరి యాభైమంది రౌతులని తయారుచేయించాడనుకో. కానీ పడతానన్న ఆ భయం ఆయనకి బాగా తెలుసు. ఆయన కొడుకు గ్రిల్లస్ క్రీ.పూ. 362లో మాంటినియా దగ్గర ఏథెన్సు అశ్వదళంలో పోరాడుతూ చనిపోయాడు. రౌతుకి ఎలాంటి శిరస్త్రాణం కావాలి, ఎడమచేతికి ఎలాంటి తొడుగు కావాలి, పైనుంచి కొట్టేవాడికి వంపు కత్తి కోపిస్ ఎందుకు మేలు అని ఆయన రాసిన వరసలు నేను చదివేటప్పుడు ఆ కొడుకు మనసులో మెదులుతాడు. బొయోషియన్ శిరస్త్రాణం ఎందుకు మంచిదన్నాడు? తల, మెడ అన్నీ కప్పుతూనే చూపుకి అడ్డురాదని. మీరు తెప్పించుకునేవేమో కళ్ల దగ్గర రెండు చీలికలు తప్ప ఏమీ లేని కాలిబంటు టోపీలు, సినిమాలో చూసినవి. అవి పెట్టుకుని దౌడు తీస్తే పక్కనున్న గుంట కనబడదు.

గిట్టల సంగతికొద్దాం. వాళ్లకి లాడాలు లేవు. అందుకని జెనొఫోన్ సాల బయట నాలుగైదు బళ్ల గుండ్రాళ్లు పోయించమన్నాడు, చేతికి నిండుగా ఉండేవి. చెదిరిపోకుండా చుట్టూ ఇనుప అంచు. గుర్రాన్ని మాలీషు చేసేటప్పుడు, ఈగలు తోలుకుంటూ కాళ్లు తాటించేటప్పుడు ఆ రాళ్ల మీదే నిలబడుతుంది, గిట్ట గట్టిపడుతుంది. గుర్రాన్ని రోజూ దగ్గరుండి చూసినవాడికే తోచే ఉపాయం. గ్రీకు స్వారీని మళ్లీ బతికిస్తామని బయల్దేరినవాళ్లలో ఎంతమంది సాల ముందు రాళ్లు పోయించారు? సిమెంటు గచ్చు, రబ్బరు చాప. గిట్ట పాడైతే డాక్టరు.

ఒక్క కళ్లెం విషయంలో మాత్రం పాతదే మేలని నేను అనలేను. నోట్లో పెట్టే కడ్డీలు రెండు రకాలు ఉంచుకోమన్నాడాయన. ఒకటి నున్నది, పెద్ద బిళ్లలున్నది. రెండోది ముళ్లబిళ్లలు గుచ్చింది. ముళ్లది రుచి చూసిన గుర్రం తర్వాత నున్నది పెడితే సంతోషంగా మాట వింటుందట. అలాంటివి తవ్వకాల్లో దొరికాయి, వాటి నకళ్లూ చేస్తున్నారు. చేత్తో పట్టుకుని చూపించండి, పిల్లలకి చెప్పండి. బతికున్న గుర్రం నోట్లో పెట్టొద్దు. మా కాలంలోనూ మొరటు కళ్లేలుండేవి, నాలుక తెగిన గుర్రాలని చూశాను. ఆ విషయంలో మీ తరమే నయం, ఒప్పుకుంటాను. బలవంతంగా చేయించిన పని గుర్రానికి అర్థం కాదు, కొరడాతో ఆడించిన నాట్యగత్తెకి అందం రానట్టే దానికీ రాదని చెప్పింది కూడా ఆ జెనొఫోనే. కోపంలో ఉన్నప్పుడు గుర్రం దగ్గరికి పోవద్దని కూడా అన్నాడు. ముళ్ల కడ్డీ మాట వదిలేసి ఈ మాటలు పట్టుకోండి.

గ్రీకు రౌతు ఎలా కూచునేవాడో కళ్లారా చూడాలంటే పార్థెనాన్ గుడి చుట్టూ చెక్కిన ఊరేగింపు ఉంది, దాదాపు 160 మీటర్ల పొడుగు. క్రీ.పూ. 440 ప్రాంతం నాటిది. ముక్కలు కొన్ని ఏథెన్సులో, చాలా భాగం లండన్‌లో. జీను లేదు, రికాబు లేదు, తొడలూ గుర్రం పక్కలూ కలిసిపోయి ఉంటాయి. గుర్రాల నోళ్ల దగ్గర చిన్న చిన్న రంధ్రాలు చూడు, కంచు కళ్లేలు బిగించినవి. లోహం ఎప్పుడో పోయింది, ఆ కూచునే తీరు రాయిలో నిలిచింది. నేర్చుకునేవాడికి అదే కావాలి.

సిథియన్ల దగ్గరికి వస్తే, అమ్మాయ్, నువ్వూ విను, నీక్కూడా ఇందులో వాటా ఉంది. ఆల్టాయ్ కొండల్లో పాజిరిక్ అనే చోట సమాధులున్నాయి. మొదటిది 1929లో గ్ర్యాజ్నోవ్ తవ్వాడు, మిగతావి 1947-49 మధ్య రుదెంకో. లోపలికి నీళ్లు దిగి గడ్డకట్టడం వల్ల తోలు, ఉన్ని, కర్ర, గుర్రాలు వెంట్రుకలతో సహా నిలిచిపోయాయి. అవన్నీ ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్‌లో ఉన్నాయి. అక్కడి జీను ఎంత తెలివైందో! తోలుతో కుట్టిన రెండు మెత్తలు, వెన్నెముకకి అటొకటి ఇటొకటి. లోపల వెంట్రుకలు కూరి, అవి ఒకచోటికి జారకుండా తోలు మీద పైనుంచి కిందికి కుట్లు వేశారు. మధ్యలో సందు ఉండడంతో వెన్ను మీద బరువు పడదు. కింద ఒత్తిన ఉన్ని గుడ్డ. పొట్ట కింద ఒక పట్టీ, రొమ్ముకి ఒకటి, తోక కింద ఒకటి. ఇంతే. దాని మీద కూచుంటే గుర్రం ఏ కండ కదిలించిందో తొడకి తెలుస్తుంది.

చైనా పశ్చిమాన, తుర్పాన్ దగ్గర యాంగ్‌హై శ్మశానంలో దొరికిన తోలు జీను గురించి 2023లో పండితులు రాశారు. క్రీ.పూ. 724-396 మధ్య కాలపుదట. మెత్తల్లో గడ్డి, జింక వెంట్రుకలు, ఒంటె వెంట్రుకలు. అది పాతిపెట్టింది ఒక స్త్రీతో. కూచునే తీరులోనే ఉంచారు కూడా. మా రోజుల్లో ఆడపిల్ల సాల గుమ్మం తొక్కితే పెద్దవాళ్లు కేకలేసేవాళ్లు. రెండున్నర వేల ఏళ్ల కిందట ఆ తల్లి జీను అరిగేదాకా స్వారీ చేసింది. కాబట్టి ఈ ఒక్క విషయంలో మా రోజులకన్నా ముందటి రోజులే మంచివి.

ఆ యాంగ్‌హైలోనే దాదాపు మూడు వేల ఏళ్ల నాటి ఉన్ని పంట్లాం దొరికింది, రౌతు కోసం నేసింది. గుడ్డ కత్తిరించలేదు. రెండు కాళ్ల ముక్కలూ, మధ్యన గుర్రం మీద కాళ్లు చాపడానికి వీలుగా వెడల్పాటి ముక్కా, మూడూ మగ్గం మీదే ఆకారానికి నేసి కలిపి కుట్టారు. నేతపనివాళ్లు దాన్ని మళ్లీ నేసి, తొడిగించి, జీను లేని గుర్రం మీద ఎక్కించి చూశారు. నేను మెచ్చుకునే పని అది. ఓపికగా, కిందనుంచి. నారబట్ట కవచం విషయంలోనూ అమెరికాలో గ్రెగరీ ఆల్డ్రెట్ అనే ఆచార్యుడు విద్యార్థులతో కలిసి పొరలు అంటించి, బాణాలు కొట్టి చూసి, 2013లో పుస్తకం వేశాడు. జిగురుతో అంటించారా, దట్టంగా కుట్టారా అని ఇంకా కొట్టుకుంటున్నారు. కొట్టుకోనీ, చేసి చూశారు కదా.

విల్లు మాట ఎత్తితే నాకు కోపం వస్తుంది. సిథియన్ విల్లు పొట్టిది, రెండు వంపులది. కర్ర, కొమ్ము, పశువు నరాలు కలిపి జిగురుతో చేస్తారు. నరాలు దంచి, దువ్వి, జిగురులో ముంచి ఒక్కో పొరా వేసి ఆరబెట్టాలి. వాన ముసురులో పని ముట్టుకోకూడదు. నెలలు పడుతుంది. ఆడం కార్పొవిచ్, స్టీఫెన్ సెల్బీ లాంటివాళ్లు షిన్‌జియాంగ్ సమాధుల్లో దొరికిన విల్లు చూసి దాని లోపలి అమరిక ఏమిటో విప్పి రాశారు. వాళ్ల రాత ఉచితంగా దొరికినా చదవకుండా, ఫైబర్ గ్లాసు బద్దకి తోలు చుట్టినదాన్ని వారంలో తెప్పించుకుని సిథియన్ విల్లంటారు. అది ఎండకీ వానకీ మారదు నిజమే. తడిస్తే చెడే వస్తువుని కాపాడుకునే అలవాటు కూడా దాంతో పోయింది. విల్లూ బాణాలూ ఒకే సంచిలో, ఎడమ తుంటి మీద వేలాడేది, దాన్నే గ్రీకులు గొరిటోస్ అన్నారు. అందులోంచి విల్లు తీసి, మూడు రెక్కల కంచు ములికి ఉన్న బాణం సంధించి, పగ్గాలు వదిలేసి గుర్రాన్ని తొడలతో తిప్పాలి. నల్లసముద్రం ఒడ్డున ఓల్బియా అనే గ్రీకు ఊళ్లో ఒక శాసనం ఉంది. డెమగొరాస్ కొడుకు అనక్సగొరాస్ బాణం 282 బారలు పోయిందని. అర కిలోమీటరు పైమాటే. ఊరు పొంగిపోయి రాతి మీద చెక్కించింది.

గ్రీకు సామానూ సిథియన్ సామానూ ఒక ఒంటి మీద ఉండకూడదని మీలో మీరు పోట్లాడుకుంటుంటే విన్నాను. 1913లో సొలోఖా అనే సిథియన్ సమాధి దిబ్బలో దొరికిన బంగారు దువ్వెన బొమ్మ చూడండి. దాని మీది రౌతు సిథియన్ వేషంలో, పొలుసుల కవచంలో ఉంటాడు, నెత్తిన గ్రీకు శిరస్త్రాణం. యుద్ధానికి పోయేవాడు బాగున్నది పెట్టుకుంటాడు.

ఇదంతా మనకెందుకు అనేవాళ్లూ ఉన్నారు. నాసిక్ గుహలో గౌతమీ బాలశ్రీ వేయించిన శాసనం తన కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణిని శక, యవన, పహ్లవులని అణచినవాడని పొగుడుతుంది. శకులంటే ఆ సిథియన్ల తరహా గడ్డినేలల రౌతుల తెగలే, యవనులంటే గ్రీకులే. ఇద్దరి గుర్రాల దుమ్మూ మనవాళ్ల కళ్లల్లో పడింది. ఉగాదినాడు పంచాంగం విప్పి శాలివాహన శకం ఎన్నో ఏడో చదువుతాం, ఆ శకంలోనూ వాళ్ల పేరే ఉంది. ఆ వచ్చినవాళ్లు ఎలా కూచున్నారు, ఎలా కొట్టారు, మనవాళ్లు ఎలా తట్టుకున్నారు అని తెలుసుకోవాలనిపించడం తప్పెలా అవుతుంది?

చివరికి గుర్రం. అది మాత్రం మీరు పూర్తిగా మర్చిపోయారు. ఆ కాలపు గ్రీకు గుర్రం భుజం దగ్గర నాలుగున్నర అడుగులు, అటూ ఇటూ. ఆల్టాయ్‌లో కొన్ని కాస్త పెద్దవి. మీకేమో ఇక్కడ పందేల్లోంచి రిటైరైన థరోబ్రెడ్లు దొరుకుతాయి, అయిదడుగుల పైమాటే, కంగారు గుర్రాలు. దానిమీదికి ఈటె ఊతంతో ఎగిరి, అవతల పడి, జెనొఫోన్ అబద్ధాలు రాశాడని తేల్చేస్తారు. ఆ ఎత్తు గుర్రం మీద ఆ మెత్త కుదరదు, ఆ దూకుడు కుదరదు, కింది కాలు వేలాడే లెక్క కూడా తప్పుతుంది. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందన్నారు, గుర్రమే వేరేదైతే రౌతు ఏం చేస్తాడు? మణిపురి పోనీలు ఇంకా ఉన్నాయి, పొట్టివి, గట్టివి, పోలోకి అలవాటుపడ్డవి. నలుగురూ కలిసి ఆ శిరస్త్రాణాల డబ్బుతో ఒక జత తెప్పించండి. మెత్తలు కుట్టడానికి తోలు, కూరడానికి వెంట్రుకలు నేను చూసిపెడతాను, దాణాకి ఉలవల బస్తా నాది. ఆదివారం పొద్దున అయిదింటికల్లా రండి, ఆరైతే ఎండెక్కుతుంది. ఫోన్లు సాల బయట పెట్టి రావాలి.